గుమ్మడికాయ నురగ కక్కేదాకా

మేముండేది టెక్సాస్‌లో. మా బాబు మూడో తరగతి. హాలోవీన్ వారంలో క్లాసులో ఏదైనా సైన్స్ ప్రయోగం చేసి చూపించమని టీచర్ అడిగితే వెంటనే ఒప్పుకున్నాను. హైడ్రోజన్ పెరాక్సైడ్, సబ్బు, యీస్ట్ కలిపి, చెక్కిన గుమ్మడికాయ నోట్లోంచి నురగ కక్కించాలని నా ప్లాను. ఇవాళ మధ్యాహ్నం ఆ పని పూర్తయింది. ఇంకా చేతులకి యీస్ట్ వాసన పోలేదు.

వాలంటీర్ ఫారం, బ్యాక్‌గ్రౌండ్ చెక్ సులువుగానే అయిపోయాయి. గుమ్మడికాయ కొని, లోపలి గుజ్జు తీసి, కళ్ళూ నోరూ చెక్కడం ఒక సాయంత్రం పని. అమ్మ వీడియో కాల్‌లో చూసి "గుమ్మానికి కట్టవే, దిష్టి పోతుంది" అంది.

ఇంట్లో ట్రయల్ వేసింది 20 వాల్యూమ్ డెవలపర్‌తో. జుట్టు రంగులో కలుపుతారే, అదే. అందులో హైడ్రోజన్ పెరాక్సైడ్ 6 శాతం ఉంటుంది. నేరుగా గుమ్మడికాయలో పోసినా నురగ ధారగా పొంగింది. తీరా మంగళవారం పొద్దున స్కూల్ ఆఫీసులో సీసా చూసి, ఇది లోపలికి వెళ్ళదన్నారు. వాళ్ళ కారణం తప్పనను, అది చర్మానికి మంచిది కాదు. కానీ రెండు వారాల ముందే లేబుల్ ఫొటోతో సహా మెయిల్ పెట్టాను. అప్పుడే చెప్పొచ్చు కదా! మీరైతే మెయిల్‌తో సరిపెట్టకండి, వెళ్ళి నిలబడి జవాబు రాయించుకోండి.

ఫార్మసీకి పరిగెత్తి 3 శాతం సీసా తెచ్చాను. బలం తగ్గింది కాబట్టి యీస్ట్‌ని బాగా వేడినీళ్ళలో కలిపితే జోరు పెరుగుతుందనుకున్నాను. పిల్లలందరూ "త్రీ, టూ, వన్" అని అరిచారు. పోశాను. అడుగున నాలుగు బుడగలు, అంతే. మళ్ళీ లెక్కపెట్టారు. మళ్ళీ ఏమీ లేదు. మా బాబు తల దించుకున్నాడు. వెనకాల నిలబడ్డ ఒక పేరెంట్ "సోడా, వెనిగర్ పోస్తే అయిపోయేది" అన్నాడు. బీఎస్సీ కెమిస్ట్రీ ఫస్ట్ క్లాసులో పాసైనదాన్ని. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. పాపం టీచరే కార్న్‌స్టార్చ్, నీళ్ళు కలిపి, పిసికితే గట్టిగా, వదిలితే జారిపోయే ముద్ద చేసి పిల్లల చేతుల్లో పెట్టింది.

ఆ రాత్రి నిద్ర పట్టక వంటింట్లో కూర్చుని మళ్ళీ మళ్ళీ చేశాను. పెరాక్సైడ్‌ని నీళ్ళుగా, ఆక్సిజన్‌గా విడగొట్టేది యీస్ట్‌లో ఉండే కాటలేజ్ అనే ఎంజైమ్. మరీ వేడినీళ్ళు పోస్తే అది పాడైపోతుంది. నేను చేసింది అదే. పైగా వెడల్పాటి గుమ్మడికాయలో పలచటి నురగ పైకెక్కలేదు, దానికి ఇరుకు మెడ కావాలి.

ఈసారి చిన్న వాటర్ బాటిల్‌ని గుమ్మడికాయలో, దాని మూతి కాయ నోటి ఎత్తుకి వచ్చేలా నిలబెట్టాను. అరకప్పు 3 శాతం పెరాక్సైడ్, కొంచెం గిన్నెలు తోమే సబ్బు, పచ్చ రంగు. ఒక పెద్ద చెంచా యీస్ట్‌ని మూడు పెద్ద చెంచాల గోరువెచ్చని నీళ్ళలో కలిపాను. థర్మామీటర్ పెట్టి 105 ఫారెన్‌హీట్ చూసుకున్నాకే పోశాను. సేఫ్టీ గాగుల్స్, గ్లవ్స్ మాత్రం మానొద్దు.

ఇవాళ క్లాసులో మళ్ళీ అలాగే చేస్తే నురగ ఎగజిమ్మలేదు. పెదవి మీంచి మెల్లగా, చొంగలా కారింది. డెవలపర్‌తో వచ్చిన ధార కంటే ఇదే ఎక్కువ భయంగా ఉంది, నిజంగా. ముందు వరసలో పిల్లలు కెవ్వుమని వెనక్కి జరిగి, మళ్ళీ ముందుకొచ్చారు.

అంతా అయ్యాక ఒక పిల్లాడు ప్యాంటు పైకి లాగి మోకాలి మీద ఎండిన దెబ్బ చూపించాడు. "మా అమ్మ దీని మీద అదే సీసాలోది పోసింది. తెల్లగా పొంగింది. నాలో కూడా యీస్ట్ ఉందా?" అన్నాడు. యీస్ట్ కాదు నాన్నా, ఆ కాటలేజే నీ రక్తంలోనూ ఉందన్నాను. వాడు మోకాలు వంక చాలాసేపు చూసుకుంటూ ఉండిపోయాడు.