నాన్న మారుతి 800 కారుకి కొత్త తోలు

హెయిర్ డ్రయ్యర్ ఒక చేతిలో, తోలు అంచు ఇంకో చేతిలో. డ్యాష్‌బోర్డు వరండాలో చాప మీద. "అది నా డ్రయ్యరేనా?" అని లోపల్నుంచి మా ఆవిడ కేక.

ఏసీ వెంట్ పక్క మలుపు ఉంది చూశారూ, పనంతా అక్కడే. తోలు ముడత పడుతుంది. వేడి తగిలిస్తే మెత్తబడి సాగుతుంది, వేలితో అదిమి పట్టుకోవాలి. జిగురు రెండు వైపులా పూసి, ముట్టుకుంటే అంటీ అంటనట్టు అయ్యేదాకా ఆగాలి. తడి మీదే అతికిస్తే ఎండకి బుడగలు ఖాయం.

కొట్టాయన నిగనిగలాడే తోలు చూపించాడు. వద్దన్నాను. మిట్టమధ్యాహ్నం ముందు అద్దంలో రోడ్డు బదులు డ్యాష్‌బోర్డే కనబడుతుంది. మెరుపు లేని నల్లది తెచ్చా.

ఎండకి బీటలు వారి, తెల్లబోయిన ఆ ప్లాస్టిక్ మీద ఒక్కచోట మాత్రం రూపాయి బిళ్లంత అసలు రంగు మిగిలింది. నాన్న వెంకన్న బొమ్మ అతికించిన చోటు. అక్కడ జిగురు పూయడానికి కాసేపు చెయ్యి రాలేదు. తర్వాత పూసేశాను. ఆయనుంటే "ఇంకా ఎంతసేపురా" అనేవారు.

అన్నట్టు, డ్యాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లకి ఈ పని ఇంట్లో పెట్టుకోకండి. అది విచ్చుకునే చోట తోలు అడ్డం పడితే ప్రాణం మీదకొస్తుంది. మా పాత 800కి ఆ టెన్షన్ లేదు, అసలు ఎయిర్‌బ్యాగే లేదు. సంతోషించాలో లేదో మరి!

సీట్లు మాత్రం కుట్టుపని వచ్చినవాళ్లకే వదిలేస్తా.