రాగి మీద హైడ్రోజన్, ఐక్యరాజ్య సమితిలో ప్రసంగాలు: రెండూ ఒకే థీసిస్‌లో

నా పీహెచ్‌డీ థీసిస్‌లో సగం, హైడ్రోజన్ అణువు రాగి ఉపరితలాన్ని ఢీకొన్నప్పుడు ఏమవుతుందన్నది. మిగతా సగం, ఐక్యరాజ్య సమితి జనరల్ అసెంబ్లీ ప్రసంగాల్లో ఎవరు ఎవరిని తప్పుపడుతున్నారన్నది. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్లు ముందు నవ్వుతారు. తర్వాత "మరి కమిటీ ఎలా ఒప్పుకుంది?" అంటారు. మొదట ఒప్పుకోలేదు. తర్వాత ఎలా ఒప్పుకుందో, అప్పటి నుంచి అసలు తలనొప్పి ఎక్కడ మొదలైందో రాస్తున్నాను. రెండు శాఖల్లో కాలు పెట్టాలనుకునేవాళ్లకు పనికిరావచ్చు.

ముందు రాగి సంగతి. హైడ్రోజన్ అణువు లోహం వైపు దూసుకొస్తుంది. తగిలి వెనక్కి ఎగిరిపోవచ్చు, లేదా రెండు పరమాణువులుగా విడిపోయి ఉపరితలానికి అతుక్కోవచ్చు. ఉత్ప్రేరకాల మీద జరిగే ఎన్నో చర్యలకు ఈ విడిపోవడమే మొదటి మెట్టు. ఉపరితలాల మీద రసాయన చర్యలు ఎలా సాగుతాయో విప్పి చూపినందుకే గెర్హార్డ్ ఎర్ట్ల్‌కు 2007లో నోబెల్ ఇచ్చారు. అణువు నిటారుగా వచ్చి తగిలితే దాదాపు వెనక్కే. అడ్డంగా, రెండు రాగి పరమాణువుల నడుమకు వస్తే విడిపోయే అవకాశం ఎక్కువ. అప్పుడు కూడా సుమారు 0.6 ఎలక్ట్రాన్ వోల్టుల (అణువుల స్థాయిలో శక్తిని కొలిచే ప్రమాణం) అవరోధం దాటాలి. ఆ అవరోధం మీద ఉన్నప్పుడు అణువులోని బంధం మామూలు 0.74 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లో వంతు) నుంచి ఇంచుమించు 1 ఆంగ్‌స్ట్రామ్ దాకా సాగి ఉంటుంది. అందుకే అణువు వేగంగా వస్తేనే కాదు, కంపిస్తూ వచ్చినా విడిపోవడం తేలికవుతుంది. మా రంగంలో కొత్త పద్ధతి ఏదొచ్చినా ముందు ఈ జంట మీదే పరీక్షించి చూస్తారు.

నేను చేసేది కంప్యూటర్ లెక్కలు. ప్రయోగాలు చేసే మిత్రులను చూస్తే జాలేస్తుంది. టార్‌లో (ఇది పీడనపు కొలత, మామూలు గాలి పీడనం 760 టార్‌లు) పదిలక్షో వంతు పీడనమే ఉన్నా, తగిలిన ప్రతి అణువూ అతుక్కుంటే ఒక్క సెకనులో లోహం మీద పొర కట్టేస్తుంది. అందుకని వాళ్లు అంతకన్నా వేల రెట్లు తక్కువ పీడనం కోసం పంపులతో, లీకులతో కుస్తీ పడుతుంటారు. నా కష్టం వేరే. అణువు ఏ ఎత్తులో, ఏ కోణంలో ఉంటే శక్తి ఎంతో డీఎఫ్‌టీ (డెన్సిటీ ఫంక్షనల్ థియరీ, ఎలక్ట్రాన్ల సాంద్రత నుంచి శక్తిని లెక్కగట్టే క్వాంటం పద్ధతి) లెక్క చెబుతుంది. కానీ ఒక్కో లెక్కకూ చాలా సమయం పడుతుంది. వేల ఢీలను అడుగడుగునా అలా లెక్కగట్టడం కుదరదు. అందుకని కొన్ని స్థానాలకు మాత్రం డీఎఫ్‌టీ చేసి, ఆ జవాబులతో న్యూరల్ నెట్‌వర్క్‌కు శిక్షణ ఇస్తాం. 2007లో బేలర్, పారినెల్లో చూపిన దారి ఇప్పుడు రివాజైపోయింది.

ఇక్కడే ఒక చిక్కుంది. నెట్‌వర్క్ ఎప్పుడూ చూడని స్థానం ఇచ్చినా తడుముకోకుండా ఒక అంకె చెప్పేస్తుంది. అది తెలిసి చెప్పిందో ఊహించి చెప్పిందో మనకు తెలియదు. దీనికి వాడే ఉపాయం: ఒకటి కాదు, నాలుగైదు నెట్‌వర్క్‌లకు వేర్వేరుగా శిక్షణ ఇవ్వడం. అన్నీ ఒకే మాట అంటే ముందుకెళ్తాం. ఎక్కడ వాదులాడుకుంటాయో అక్కడ ఆగి, ఆ స్థానానికి డీఎఫ్‌టీ చేసి, ఆ జవాబు కలిపి మళ్లీ శిక్షణ ఇస్తాం. 1992లోనే ఈ ఆలోచనకు 'క్వెరీ బై కమిటీ' అని పేరు పెట్టారు. రాగి విషయంలో ఇది ఎంత బాగా పనిచేసిందంటే, కొన్ని విడతలు గడిచేసరికి వాదనలు అణగిపోయాయి.

సరిగ్గా ఇదే పద్ధతిని సోషల్ సైన్స్ వాళ్లు రాజకీయ ప్రసంగాల మీద వాడుతున్నారని ఒక సెమినార్‌లో విన్నాను. మోడళ్లు ఏ వాక్యం దగ్గర వాదులాడుకుంటాయో ఆ వాక్యాన్ని మనుషుల దగ్గరికి పంపుతారు. కోడ్ నా దగ్గరున్నదే. ఇక ఆగలేకపోయాను.

మొదటి ప్రతిపాదనను కమిటీ వెనక్కి పంపింది. "రెండు థీసిస్‌లు తెచ్చి మధ్యలో కుట్టు వేసినట్టుంది" అన్నారు ఒక మేడమ్. అప్పుడు కోపం వచ్చిందిగానీ, ఆవిడ చెప్పిన మందు మాత్రం సరైనదే: "రెండు భాగాలూ జవాబు చెప్పే ఒక్క ప్రశ్న రాసుకుని రా. అది రాయలేకపోతే ఒక భాగం వదిలెయ్." నేను రాసుకెళ్లిన ప్రశ్న ఇది: నేర్చుకున్న మోడల్‌కు తనకు తెలియదన్న సంగతి ఎలా తెలుస్తుంది, అప్పుడు ఎవరిని అడగాలి? దానితో గట్టెక్కాను. షరతులు పెట్టారు. సోషల్ సైన్స్ నుంచి రెండో గైడ్ ఉండాలి, అదీ నోటిమాటగా కాదు, కాగితం మీద. పరీక్షకులు రెండు వైపుల నుంచీ రావాలి. కంటెంట్ అనాలిసిస్ కోర్సు కట్టాలి. ఇంకా ఎథిక్స్ కమిటీ అనుమతి. ప్రసంగాలు బహిరంగమైనవే కదా, అనుమతి దేనికని అడిగాను. వాక్యాలు చదివి గుర్తులు పెట్టేది మనుషులు కదా అన్నారు. వాళ్ల సమ్మతి పత్రాలు, వాళ్లకిచ్చే డబ్బు, అన్నిటికీ ఫారాలు. అణువుల దగ్గర ఈ బాదరబందీ ఉండదు.

ఏటా సెప్టెంబరులో మొదలయ్యే జనరల్ డిబేట్‌లో దాదాపు ప్రతి దేశమూ మాట్లాడుతుంది. 1970 నుంచి ఆ ప్రసంగాలన్నీ ఒకచోట చేర్చిన సంకలనాన్ని పరిశోధకులు 2017లో పరిచయం చేశారు. ఇంత శుభ్రమైన డేటా దొరికాక ఇంకేం కావాలి అనిపిస్తుంది. దించుకున్నాక తెలుస్తుంది. చాలా ప్రసంగాలు ఇంగ్లీషులో చేసినవి కావు, మన చేతికొచ్చేది అనువాదం. ఒక మాట పదునుగా ఉంటే ఆ పదును వక్తదా, అనువాదకుడిదా? పాత ప్రసంగాలు స్కాన్ చేసిన కాగితాల నుంచి తీసినవి, అక్కడక్కడా అక్షరాలు చెదిరాయి. ఇక టాపిక్ మోడల్ (కలిసి వచ్చే మాటలను బట్టి అంశాలను తనంతట తానే వేరుచేసే ప్రోగ్రామ్) నడిపితే, ముందుగా తేలే అంశాల్లో ఒకటి అసెంబ్లీ అధ్యక్షుడిగా ఎన్నికైనందుకు అభినందనలు! ప్రతి ప్రసంగమూ అలాగే మొదలవుతుంది మరి. 'క్లైమేట్' అన్న మాటను లెక్కపెట్టి గ్రాఫ్ గీస్తే అందంగానే వస్తుంది. కానీ వెనకటి దశాబ్దాల్లో ఆ మాట వచ్చిన వాక్యాలు తీసి చదివితే, వాతావరణ మార్పు కాదు, దేశాల మధ్య 'నమ్మకపు వాతావరణం', 'రాజకీయ వాతావరణం' తగులుతాయి.

ఏ మాట అనుకూలం, ఏది ప్రతికూలం అని ముందే గుర్తించి పెట్టిన పదజాబితాలు తెచ్చి వాడేద్దామన్నా అంతే. 2011లో లౌరన్, మెక్‌డొనాల్డ్ కంపెనీల వార్షిక నివేదికలు పరిశీలించి, హార్వర్డ్ పదజాబితాలో ప్రతికూలమైనవిగా లెక్కకొచ్చే మాటల్లో దాదాపు మూడొంతులు ఆ నివేదికల్లో అసలు ప్రతికూలమైనవే కావని చూపారు. పన్ను, ఖర్చు లాంటివన్నమాట. అకౌంటెంట్‌కు అవి రోజువారీ మాటలు.

అందుకని మనుషులతోనే గుర్తులు పెట్టించాం. ప్రశ్న ఒక్కటే: ఈ వాక్యం ఎవరినైనా తప్పుపడుతోందా? తేలికే అనుకుంటాం. ఇద్దరు చదివితే 90 శాతం వాక్యాల దగ్గర ఇద్దరి జవాబూ ఒకటే అయితే బ్రహ్మాండం అనిపిస్తుంది. కానీ తప్పుపట్టే వాక్యాలు ఎప్పుడూ కొద్దే. ఇద్దరూ పదింట తొమ్మిదిసార్లు 'లేదు' అనేవాళ్లయితే, వాక్యం చదవకుండా గుర్తు పెట్టినా 82 శాతం కలుస్తుంది. ఆ యాదృచ్ఛికాన్ని తీసేసి చూసే కొలతే కోహెన్ 1960లో ఇచ్చిన కప్పా. దాని ప్రకారం ఈ 90 శాతం విలువ 0.44 మాత్రమే. గొప్పగా చెప్పుకునే అంకె కాదు.

ఇక్కడ మొదలైంది అసలు టెన్షన్. 'కొన్ని దేశాలు తమ హామీలను మరచిపోవడం విచారకరం' లాంటి వాక్యం తీసుకోండి. మోడళ్లు దీని దగ్గర వాదులాడుకున్నాయి. మనుషుల దగ్గరికి పంపాను. మనుషులూ వాదులాడుకున్నారు. ఒకరేమో ఇది సాఫ్‌సీదా నింద అన్నారు, ఇంకొకరేమో ఎవరి పేరూ లేదు కదా, మర్యాదకన్న మాట అన్నారు. రాగి దగ్గర నెట్‌వర్క్‌లు కొట్టుకుంటే డీఎఫ్‌టీ వచ్చి ఒక్క అంకెతో నోరు మూయించేది. ఇక్కడ తీర్పు చెప్పాల్సినవాళ్లే రెండు వర్గాలు. పైగా దౌత్యవేత్తలు అలా రాసేదే రెండు రకాలుగా చదువుకోవడానికి.

ఇంకో తేడా ఎర్రర్ బార్‌లది, అంటే ఫలితం ఎంత అటూఇటూ ఉండొచ్చో చూపే గీతలది. పదివేల ఢీలను విడివిడిగా నడిపి, అందులో ఒక శాతం అణువులు విడిపోతే, పొరపాటు అంచనా 0.1 శాతం. అణువుల్ని ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పంపుతాం కాబట్టి ఆ లెక్క చెల్లుతుంది. ప్రసంగాలు అలా కాదు. నిరుడు వాడిన పేరాను ఒక దేశం ఈ ఏడూ వాడుతుంది. పొరుగు దేశాలు ముందే మాట్లాడుకుని ఒకే మాట మీద ఉంటాయి. వెయ్యి వాక్యాలుంటే వెయ్యి సాక్ష్యాలున్నట్టు కాదు. దేశాన్ని ఒక మొత్తంగా తీసుకుని తిరిగి లెక్కవేస్తే ఎర్రర్ బార్‌లు బాగా లావెక్కాయి, ముచ్చటపడ్డ కొన్ని ఫలితాలు ఎగిరిపోయాయి. నాకైతే ఈ అధ్యాయమే ఇష్టం. గైడ్‌లకు మాత్రం అంత ఇష్టం లేదు.

వైవాలో ఉపరితలాల వైపు పరీక్షకుడు ఊహించిన ప్రశ్నే వేశారు: "సరైన జవాబంటూ లేనప్పుడు నీ పద్ధతి దేన్ని నేర్చుకుంటోంది?" దీనికి సిద్ధపడే వెళ్లాను. మోడళ్ల మధ్య వాదన రెండు కారణాలతో వస్తుంది. అలాంటివి చూడకపోవడం ఒకటి, వాక్యంలోనే రెండర్థాలుండటం రెండోది. అలాంటి వాక్యాలు ఇంకొన్ని గుర్తులు పెట్టించి కలిపితే మొదటి రకం తగ్గుతుంది, రెండో రకం తగ్గదు. అలా కలిపి చూసి, తగ్గని వాక్యాలకు ఒకే ముద్ర వేయకుండా, ఎంతమంది ఏమన్నారో ఆ నిష్పత్తినే జవాబుగా ఇచ్చానని చెప్పాను. ఆయన తలూపారు.

సోషల్ సైన్స్ పరీక్షకురాలి ప్రశ్న మాత్రం నేను ఎదురుచూడనిది. "డీఎఫ్‌టీ ఒక్క జవాబే ఇస్తుందంటున్నారు. అందులో ఏ ఫంక్షనల్, అంటే ఎలక్ట్రాన్ల శక్తికి ఏ ఉజ్జాయింపు సూత్రం, వాడాలో ఎంచుకునేది మీరే కదా? అదీ ఒక అభిప్రాయమే కాదా?" ముందే ఎవరినో అడిగి తెలుసుకుని వచ్చారనుకుంటాను. నిజమే. రాగి మీద హైడ్రోజన్‌కు పీడబ్ల్యూ91 అనే ఫంక్షనల్ వాడితే అణువులు ఉన్నదానికన్నా ఎక్కువ విడిపోతాయి, ఆర్‌పీబీఈ అనే ఇంకో ఫంక్షనల్ వాడితే తక్కువ. 2009లో ఈ రెంటినీ ఒక పాళ్లలో కలిపి, ఆ పాళ్లను ప్రయోగ ఫలితాలతో సరిచూసి కుదిర్చాకే మోల్‌కు ఒక కిలోకేలరీ స్థాయి కచ్చితత్వం చేతికొచ్చింది. అంటే నా నెట్‌వర్క్‌లకు పాఠం చెప్పే గురువులు కూడా వాదులాడుకునేవాళ్లే. కాకపోతే వాళ్ల మధ్య తగువు తీర్చడానికి మాకు అణువులను పుంజంగా లోహం మీదికి వదిలి కొలిచే అణుపుంజపు ప్రయోగం ఉంది. ప్రసంగాల వైపు అలాంటిది లేదు. ఇదే చెప్పాను. "అయితే అది థీసిస్‌లో రాయండి" అన్నారావిడ.

సవరణగా ఒక భాగం కలపమన్నారు: అవే ఢీలను రెండు ఫంక్షనల్‌లతోనూ నడిపి, ఆ తేడాను మనుషుల గుర్తుల మధ్య తేడా పక్కన పెట్టి చర్చించాలి. కంప్యూటర్ సమయం దొరకడానికి పట్టినంత సేపు రాయడానికి పట్టలేదు. సవరణలు ఇద్దరూ ఆమోదించారు, డిగ్రీ వచ్చింది. రాగి భాగం భౌతిక రసాయన శాస్త్ర పత్రికకు, ప్రసంగాల భాగం రాజనీతి శాస్త్ర పత్రికకు వెళ్లాయి. ఆ కలిపిన భాగం ఇంకా నా దగ్గరే ఉంది. దాన్ని ఏ పత్రికకు పంపాలో మొదటి గైడ్ ఒకటంటారు, రెండో గైడ్ ఇంకొకటంటారు.