జాక్ నైట్ ఎగిరిన ఆ రాత్రి

"పొగమంచు తగ్గేదాకా టేకాఫ్ లేదు" అని గేటు దగ్గర మళ్లీ చెప్పారు. "పోన్లే బాబూ, క్షేమంగా దించితే చాలు" అన్నారు పక్కనున్న పెద్దాయన. నాకు వెంటనే జాక్ నైట్ గుర్తొచ్చాడు.

1921 ఫిబ్రవరి 22 రాత్రి, అమెరికా. పైలట్లు మారుతూ, రాత్రి కూడా ఆగకుండా దేశం ఒక చివర నుంచి ఇంకో చివరికి విమానంలో టపా చేర్చాలన్న ప్రయత్నం అది. టపా విమానంతో నార్త్ ప్లాట్ నుంచి ఒమాహా దాకానే అతని డ్యూటీ. అక్కడి నుంచి తీసుకెళ్లాల్సిన పైలట్ వాతావరణం బాగోక చికాగోలోనే ఆగిపోయాడు. దాంతో నైట్ తనే చికాగోకి బయల్దేరాడు. పగలు కూడా ఎప్పుడూ ఎగరని దారి! పైకప్పు లేని కాక్‌పిట్, ఎముకలు కొరికే చలి, రేడియో లేదు. దారి తెలియడానికి కింద అక్కడక్కడా జనం వేసిన మంటలు.

అయోవా సిటీలో సిబ్బంది ఇక విమానం రాదనుకుని ఇళ్లకు వెళ్లిపోయారు. ఇంజిన్ చప్పుడు విని కాగడా వెలిగించింది ఒక్క రాత్రి కాపలాదారే. నైట్ ఎంత గొప్పవాడో, నా దృష్టిలో ఆయనా అంతే.

తెల్లారాక ఉత్తరాలు చికాగో చేరాయి. 1924 జులై నుంచి ఆ దారిలో పైలట్లకు దారి చూపే బీకన్ దీపాల వెలుగులో రోజూ రాత్రి టపా నడిచింది.

ఆ 1921 ప్రయత్నంలోనే లూయిస్ అనే పైలట్ నెవాడాలో విమానం కూలి చనిపోయాడు. నైట్ పేరు చెప్పుకున్నప్పుడల్లా అతని పేరూ చెప్పుకోవాలి.