చలికాలం వ్యాన్‌లో రాత్రి గడపాలంటే ఏమేం కావాలి: నా అనుభవం

డిసెంబరు, జనవరిలో హైదరాబాద్ నుంచి ఆదిలాబాద్ వైపో, లంబసింగి వైపో వ్యాన్‌లో వెళ్లి అందులోనే పడుకోవాలనుకునేవాళ్లు ముందు హీటర్ గురించి అడుగుతారు. నేనూ వ్యాన్ సిద్ధం చేసేటప్పుడు హీటర్‌తోనే మొదలుపెట్టాను. నిజానికి అది చివర్లో ఆలోచించాల్సిన సంగతి. రాత్రిపూట 10 డిగ్రీల కిందికి దిగినా, ఇక్కడ చలికంటే చెమ్మే ఎక్కువ సతాయిస్తుంది. తలుపులు బిగించి ఇద్దరు పడుకుంటే తెల్లారేసరికి దాదాపు అర లీటరు నీళ్లు ఊపిరిలోంచే గాల్లోకి చేరతాయి. ఆ ఆవిరి చల్లటి రేకుకు తగిలి చుక్కలు కడుతుంది, పరుపు అడుగుకు చేరి బూజు పట్టిస్తుంది.

అందుకే మొదటి ఖర్చు రేకు లోపలి పొరకే పెట్టాను. ఏసీ డక్టులకు చుట్టే నల్లటి నైట్రైల్ రబ్బరు షీటు పక్కలకూ టాపుకూ 19 మి.మీ., నేలకు 10 మి.మీ. మందంలో వేశాను. గ్లాస్ ఊల్ వద్దు. అది నీళ్లు పీల్చుకుని కిందికి జారుతుంది, వెనక రేకు తుప్పు పడుతుంది. అంటించే ముందు రేకును థిన్నర్‌తో తుడవాలి. రబ్బరు సొల్యూషన్ రెండు వైపులా పూసి, 10 నుంచి 15 నిమిషాలు ఆగి, వేలికి అంటుకోనంతగా ఆరాకే నొక్కాలి. తడి మీదే అంటిస్తే ఎండాకాలం వేడికి టాపు మీది షీటు ఊడి వేలాడుతుంది. షీట్ల మధ్య బయటికి కనిపించే ఇనుప పక్కటెముకలను కూడా కప్పాలి. నేను మొదట వదిలేశాను, చుక్కలన్నీ సరిగ్గా వాటి మీదే కట్టాయి.

అద్దాలకు బ్రౌన్ పేపరు మీద కొలత గీసుకుని, వెండిరంగు బబుల్ షీటుకు 10 మి.మీ. ఫోమ్ జోడించి కవర్లు కుట్టించాను. రబ్బరు కప్పులతో తగిలిస్తే అద్దం చెమ్మగిల్లగానే రాలిపోతాయి. అంచుల్లో అయస్కాంతాలు కుట్టిస్తే చుట్టూ ఉన్న రేకుకు నిలుస్తాయి.

ఇంత మూసినా గాలి ఆడాల్సిందే. చలి వస్తుందని కిటికీ పూర్తిగా మూసేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. ముందు తలుపులకు డోర్ వైజర్లు (అద్దం దించినా వాన లోపలికి రాకుండా పైన బిగించే పట్టీలు) వేయించి, ఒక అద్దం వేలెడంత దించి ఉంచుతాను. వెనక పైభాగంలో 12 వోల్టుల చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ రాత్రంతా తిరుగుతుంది. అది తీసుకునేది 0.3 యాంపియర్లే. కోఠి గుజరాతీ గల్లీలో ఇలాంటివి దొరుకుతాయి.

బొగ్గుల కుంపటి, నివురుగప్పిన నిప్పులతో సహా, లోపల పెట్టకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, నిద్రలో తెలియకుండానే ప్రాణం తీస్తుంది. దాని అలారం తలగడ ఎత్తులో బిగించి, బయల్దేరే ముందు ప్రతిసారీ టెస్ట్ బటన్ నొక్కి చూడండి. వంటగ్యాస్ లీకైతే గాలికంటే బరువు కాబట్టి నేలకు దిగుతుంది, అందుకని సిలిండర్ పెట్టెకు అడుగున బయటికి రంధ్రం ఉండాలి. చిన్న బ్యూటేన్ డబ్బాలది వేరే ఇబ్బంది. బ్యూటేన్ సున్నాకు కాస్త దిగువనే మరుగుతుంది. మంట మండేకొద్దీ డబ్బా తనంతట తానే చల్లబడి, 8 డిగ్రీల ఉదయాన కూడా మంట సన్నగిల్లుతుంది. డబ్బాను గోరువెచ్చని నీళ్ల పళ్లెంలో నిలబెడితే కోలుకుంటుంది. వేడినీళ్లు మాత్రం వద్దు.

కరెంటు లెక్క ముందే వేసుకోవాలి. 12 వోల్టుల కరెంటు దుప్పటి 50 వాట్లు, 4 గంటలకు 200 వాట్ అవర్లు. ఫ్యాన్, లైట్లు, ఫోన్లు కలిపి మరో 130. 100 యాంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో దాదాపు 1280 ఉంటుంది కాబట్టి ఇది సులువుగా సరిపోతుంది. 20 యాంపియర్ల డీసీ టు డీసీ చార్జర్ (బండి నడుస్తుండగా ఇంజిన్ వైపు కరెంటుతో ఈ రెండో బ్యాటరీని నింపేది) ఉంటే మర్నాడు గంటన్నర ప్రయాణంలో వాడినదంతా తిరిగి నిండుతుంది. ఇంజిన్ బ్యాటరీ నుంచి వెనక్కి తీసే వైరు 16 చదరపు మి.మీ. ఉండాలి. నేను ముందు 6 వేస్తే దారిలోనే ముప్పావు వోల్టు పోయి చార్జర్ ఆగి ఆగి పనిచేసింది. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే పెట్టాలి. లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కింద చార్జ్ చేస్తే పాడవుతుంది. మన వైపు ఆ బాధ లేదు గానీ, హిమాచల్‌లోని స్పితి వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాలి. డీజిల్ హీటర్ అవసరమూ అక్కడే. దానికి మండే గాలి తీసుకునే గొట్టం, పొగ వదిలే గొట్టం రెండూ వ్యాన్ బయటే తెరుచుకోవాలి.

పరుపు కింద పలకలను వేలెడు సందులతో బిగించాను, గాలి తిరగడానికి. పలకల మీద గొంగడి పరిచి దానిపై పరుపు. దక్కనీ గొర్రెల ఉన్ని కాస్త చెమ్మ పీల్చినా వెచ్చదనం వదలదు, ఈ పనికి దానికి సాటివచ్చే ఫోమ్ నాకు కనబడలేదు. వేడినీళ్ల రబ్బరు సంచిని మూడింట రెండొంతులు నింపి, మిగిలిన గాలి నొక్కేసి, గుడ్డ చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకుంటే తెల్లవారుజాము దాకా ఆగుతుంది.

సీట్లు తీసేయడం లాంటి మార్పులు చేస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికి వస్తాయి. పని మొదలుపెట్టక ముందే ఆర్టీఏలోనూ బీమా కంపెనీలోనూ కనుక్కోండి.

ఉదయం లేవగానే అద్దాల కవర్లు తీసి, మైక్రోఫైబర్ గుడ్డతో పక్కటెముకలు, అద్దాల అంచులు తుడవాలి. పరుపు నిలబెట్టి, వెనక తలుపు తెరిచి, ఎండ తగిలేలా అరగంట వదిలేయాలి. తడి కవర్లను మడిచి పెట్టెలో పెడితే సాయంత్రానికే ముక్కవాసన వస్తుంది.