గుణదల కొండ ఎక్కేముందు

విజయవాడలోని గుణదల మాత, అంటే మరియమాత దగ్గరకు మా కథోలిక వాళ్లం ఎక్కువగా వెళ్లేది స్వస్థత కోసమే. 1924లో ఫాదర్ ఆర్లాటి ఇక్కడ లూర్దుమాత స్వరూపాన్ని ప్రతిష్ఠించారు. ఉత్సవాలు ఫిబ్రవరి 9, 10, 11. ఫ్రాన్స్‌లోని లూర్దులో బెర్నదెత్త అనే అమ్మాయికి మరియమాత తొలి దర్శనం కలిగింది 1858 ఫిబ్రవరి 11న కాబట్టి ఆఖరి రోజే జనం విరగబడతారు. మంచం పట్టినవాళ్లను ఆ రోజు తీసుకెళ్లొద్దు.

కొబ్బరికాయ, కొవ్వొత్తి, తలనీలాలు అన్నీ పాపసంకీర్తనం తర్వాతే, అంటే గురువుగారి (ఫాదర్) దగ్గర మన పాపాలు ఒప్పుకున్నాకే. ఇంటి కప్పు విప్పి దించిన పక్షవాత రోగికి యేసు ప్రభువు మొదట పాపాలు క్షమించాడు, ఆ తర్వాతే లేచి నడవమన్నాడు. మేమూ ఆ వరుసే పాటిస్తాం.

ఆత్మపరిశోధన, అంటే మన తప్పులు గుర్తుచేసుకోవడం, దారిలోనే చేసుకుంటాం, ఆ రద్దీ వరుసలో నిలబడ్డాక మనసు నిలవదు. గురువుగారి ముందు చివరిసారి ఎప్పుడు చేశామో, తప్పేమిటో, సుమారు ఎన్నిసార్లో చెబితే చాలు. చాలామంది పొరబడేది ఇక్కడే. అత్త కోడలి తప్పులు, అన్న తమ్ముడి తప్పులు చెప్పుకొస్తారు. మనకు జరిగిన అన్యాయానికి పాపవిమోచనం అక్కర్లేదు. ఆ కోపంలో మనం చేసినదే చెప్పాలి. సిగ్గుపడి పెద్ద పాపాన్ని కావాలని దాస్తే ఆ సంకీర్తనం చెల్లదు. విన్నది గురువు ప్రాణం మీదికొచ్చినా బయటపెట్టకూడదు, ఆ భయం అక్కర్లేదు.

క్షమించడమంటే కొట్టే భర్త దగ్గరకు తిరిగి వెళ్లడం కాదు, కేసు వెనక్కి తీసుకోవడమూ కాదు. పగ తీర్చుకోవాలన్న కోరిక వదిలేసి, ఆ మనిషి మేలు కోరి ఒక్క పరలోకజపం (‘పరలోకమందున్న మా తండ్రీ’ ప్రార్థన) చెప్పగలగడం. లోపల ఇంకా మండుతున్నా ఆ నిర్ణయం నిజమైనదే. ఇక ఎగ్గొట్టిన అప్పు, ఆక్రమించిన గట్టు ఉంటే తిరిగిచ్చేయాలి. తలనీలాలు దానికి బదులు కావు.

జబ్బు గట్టిదైతే గురువుగారిని ముందే అడిగి అభ్యంగనం, అంటే రోగులకు తైలం పూసి చేసే ప్రార్థన, ఇప్పించాలి. నుదుటిమీద, చేతులమీద తైలం పూస్తారు. అది చావు దగ్గరపడ్డవాళ్లకేనన్న భయంతో చాలామంది అడగరు. పెద్ద ఆపరేషన్‌కు ముందూ, ముసలితనంలో బాగా నీరసించినప్పుడూ తీసుకోవచ్చు.

మందులు ఆ పూట కూడా మానకూడదు. బీపీ, షుగర్ మాత్రలు, నీళ్లు సంచిలో పెట్టుకుని ఎండ ముదరకముందే మెట్లెక్కాలి. ఎక్కలేనివాళ్లు కింద గుడిలోనే జపమాల చెప్పుకోవచ్చు, మొక్కు తప్పినట్టు కాదు.