కొండకు ఇవతలి సాంబ్రాణి చెట్టు

మస్కట్‌లో మా క్యాంపు వారికి గుడి అంటే శుక్రవారమే. సెలవు ఆ ఒక్క రోజే కాబట్టి దర్సైత్‌లోని కృష్ణుడి గుడికో, పాత మస్కట్‌లోని మోతీశ్వర్ శివాలయానికో గుంపుగా వెళ్ళి, వరుసలో నిలబడి, తీర్థం పుచ్చుకొని, వారం బట్టలు ఉతుక్కోవడానికి సాయంత్రానికల్లా తిరిగి వచ్చేస్తాము. భక్తికి లోటు లేదు గాని ఆ హడావుడిలో మనసు నిలవదు.

నాకు మనసు నిలిచింది ఒమాన్ దక్షిణ కొసన ఉన్న సలాలా సైటుకు ఏసీ సామాను తీసుకొని వెళ్ళే దారిలో. మస్కట్ నుంచి దాదాపు 1,000 కిలోమీటర్లు. నిజ్వా, హైమా దాటి తుమ్రైత్ వరకు ఎటు చూసినా ఎండిన చదును నేలే. ఆ తరువాత వచ్చే ధోఫార్ కొండలు జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలిని అడ్డుకొంటాయి కనుక సముద్రం వైపు వాలంతా తుంపరతో, పొగమంచుతో పచ్చబడుతుంది. దర్బాత్ లోయ జలపాతాన్ని చూడడానికి గల్ఫ్ అంతా కార్లు వేసుకొని వస్తుంది. అందంగానే ఉంటుంది, జాతర అందం.

వాన అందని ఇవతలి వైపున వాదీ దౌకా ఉన్నది. యునెస్కో 2000లో వారసత్వ స్థలాల జాబితాలో చేర్చిన సాంబ్రాణి చెట్ల లోయ అది. రాళ్ళ మధ్య మొదట్లోనే నాలుగైదు కొమ్మలుగా చీలి, కాగితంలా పొరలు లేచిన బెరడుతో నిలిచిన ఆ పొట్టి చెట్ల ముందు నేను తెలియకుండానే చెప్పులు విడిచాను. నేల కాలుతుండడంతో వెంటనే మళ్ళీ తొడుక్కున్నాను. బెరడు చెక్కిన చోట పాలచుక్కల్లా ఊరిన బంక పచ్చగా గట్టిపడి ఉన్నది. వేలికి అంటినది నలిపితే, మా ఇంట్లో శనివారం సాయంత్రం నిప్పుల మీద లేచే పొగకు నిమ్మతొక్క వాసన తోడైనట్లున్నది. మన అంగళ్ళలో సాంబ్రాణి పేరుతో అమ్మేదంతా ఈ చెట్టుది కాదు. అయినా దీని జాతిదే అయిన అందుగు చెట్టు మన తెలంగాణ అడవుల్లోనూ పెరుగుతుంది.

మొదటిసారి చెక్కినప్పుడు వచ్చే బంకకు విలువ తక్కువ. కొన్ని వారాలు ఆగి మళ్ళీ చెక్కితేనే మంచి సరుకు దిగుతుంది. గాయపడి సుగంధమిచ్చే చెట్టును వలస కూలీతో పోల్చడం సులువే గాని నాకా పోలిక నచ్చదు. చెట్టును కొన్నాళ్ళు ముట్టకుండా వదిలి సేదతీరనిచ్చే ఆచారం ఇక్కడ ఉన్నది.

ఇప్పుడు సలాలాకు సరుకు ఉన్నదంటే ముందుగా నా పేరే ఇస్తాను. పచ్చదనం మీద మోజని తోటివారు అనుకొంటారు.