బెల్ అస్థిరతను సిమ్యులేషన్‌లో పట్టుకోవడం: నా అనుభవం

పీహెచ్‌డీలో మా గైడ్ మేడం నాకు మొదట అప్పగించిన పని వినడానికి చిన్నదే. కాస్మిక్ కిరణాలు (అంతరిక్షంలో దాదాపు కాంతి వేగంతో దూసుకెళ్లే ప్రోటాన్ల వంటి కణాలు) ప్లాస్మాలో (అయాన్లు, ఎలక్ట్రాన్లుగా విడిపోయిన వాయువులో) పుట్టించే బెల్ అస్థిరతను, అంటే అయస్కాంత క్షేత్రంలోని చిన్న మెలిక దానంతటదే పెరిగిపోవడాన్ని, కంప్యూటర్ సిమ్యులేషన్‌లో చూపించాలి. ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

నక్షత్రం పేలినప్పుడు దూసుకొచ్చే షాక్ (అఘాత తరంగం) దగ్గర ప్రోటాన్లు బాగా వేగం పుంజుకోవాలంటే, అవి ఆ షాక్‌ను అటూ ఇటూ ఎన్నోసార్లు దాటాలి. అలా వెనక్కి తిప్పడానికి బలమైన, చిక్కుపడిన అయస్కాంత క్షేత్రం కావాలి. నక్షత్రాల మధ్య ఉండే క్షేత్రం కొన్ని మైక్రోగాస్‌లే (గాస్ అయస్కాంత క్షేత్రానికి కొలమానం, మైక్రోగాస్ అందులో పది లక్షల వంతు). ఎస్ఎన్ 1006, టైకో అనే పేలిన నక్షత్రాల అవశేషాల అంచుల్లో ఎక్స్‌రేలలో కనిపించే సన్నటి పోగుల్ని బట్టి చూస్తే మాత్రం అక్కడ 100 మైక్రోగాస్‌ల స్థాయి ఉండాలి. ఆ క్షేత్రాన్ని కాస్మిక్ కిరణాలే పెంచుకోగలవని 2004లో భౌతిక శాస్త్రవేత్త టోనీ బెల్ చూపించారు; ఈ అస్థిరతకు ఆయన పేరే వచ్చింది.

"ముందు కాగితం మీద చెయ్యమ్మా, కోడ్ సంగతి తర్వాత" అన్నారు మేడం. ఎంత మంచి మాటో! కాస్మిక్ కిరణాలు ముందుకు పోతుంటే అదొక కరెంట్. దాన్ని సరిచేయడానికి మామూలు ప్లాస్మాలో ఎదురు కరెంట్ పుడుతుంది. క్షేత్రరేఖ కాస్త మెలి తిరిగితే చాలు, ఎదురు కరెంట్ మీద పడే బలం ఆ మెలికను ఇంకా సాగదీస్తుంది. దాన్ని ఆపేది రేఖల బిగువు ఒక్కటే. మెలిక మరీ చిన్నదైతే బిగువుదే పైచేయి. మరీ పెద్దదైతే పెరుగుదల మందగిస్తుంది. మధ్యలో ఒక తరంగదైర్ఘ్యం అన్నిటికంటే త్వరగా పెరుగుతుంది. నేను వెతకాల్సింది దాన్నే.

కోడ్‌లో మొదటి క్షణంలోనే మొత్తం ఛార్జ్, మొత్తం కరెంట్ రెండూ సున్నా కావాలి. అందుకని అయాన్లు, కాస్మిక్ ప్రోటాన్లు కలిపి ఎన్నో అన్ని ఎలక్ట్రాన్లు పెట్టి, వాటికి కొద్దిపాటి డ్రిఫ్ట్ (ఒకే దిశలో సాగే సగటు వేగం) ఇచ్చాను. ఇక నాయిస్, అంటే కణాల సంఖ్య పరిమితం కావడం వల్ల వచ్చే అర్థం లేని హెచ్చుతగ్గులు. సిమ్యులేషన్ స్థలాన్ని విభజించిన ఒక్కో గడిలో కణాలు తక్కువైతే అసలు అల అందులోనే మునిగిపోతుంది. ఎక్కువైతే క్లస్టర్ (చాలామంది పంచుకునే కంప్యూటర్ల సముదాయం) క్యూలో పడిగాపులు, రన్ పూర్తయ్యేదాకా టెన్షన్.

చివరికి క్షేత్రం పెరుగుదలను లాగ్ గ్రాఫులో గీస్తే సరళరేఖ వచ్చింది, అంటే అది ఘాతాంకంగా పెరుగుతోందన్నమాట. వాలు కూడా లెక్కకు దగ్గరగానే ఉంది. మేడం మాత్రం "ఇది బెల్‌దేనని ఎలా తెలుసు?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. 1960ల నుంచి తెలిసిన రెజొనెంట్ అస్థిరత (కణాల తిరుగుడు, అల పొడవు సరిపోలినప్పుడు పుట్టేది) కూడా ఇలాగే పెరుగుతుంది. కానీ దాని తరంగదైర్ఘ్యం ప్రోటాన్ తిరిగే వృత్తం సైజులో ఉంటుంది, అల ఆల్ఫ్వెన్ వేగంతో (ప్లాస్మాలో అయస్కాంత రేఖల వెంట అలలు సాగే వేగంతో) కదులుతుంది. బెల్ అల దానికంటే చాలా పొట్టిది, దాదాపు కదలదు, మెలిక దిశ కూడా దానికి వ్యతిరేకం. క్షేత్రపు రెండు అడ్డ భాగాలను ఒకే సంకీర్ణ సంఖ్యగా కలిపి ఫోరియర్ రూపాంతరం (అలను వేర్వేరు తరంగదైర్ఘ్యాలుగా విడదీసే లెక్క) తీస్తే మెలిక ఎటు వైపో తెలిసిపోతుంది. తీశాను. శిఖరం అంతా ఒక్క వైపే, బెల్ వైపే ఉంది. ఆ గ్రాఫు చూసిన సంతోషం మాటల్లో చెప్పలేను.

తర్వాత క్షేత్రం మొదటి విలువను దాటి పెరిగింది, అలలు పొడవయ్యాయి, సాంద్రత పటంలో బోలు గుహలు పడ్డాయి. క్రమంగా ప్లాస్మా కూడా కిరణాల వెంట కదలడంతో వాటి మధ్య డ్రిఫ్ట్ తగ్గి పెరుగుదల ఆగింది. ఇప్పుడు అదే సెటప్‌లో ప్లాస్మా వేడిని పెంచి చూస్తున్నాను. వేడికి పెరుగుదల రేటు తగ్గాలని సిద్ధాంతం చెబుతోంది, ఎంత తగ్గుతుందో నా రన్‌లలో కొలవాలి.